విజిల్ వెయ్యని వంట

శనివారం మాపటేల డ్యూటీ దిగి
కొండమల్లేపల్లి చౌరస్తల నాంచారి దగ్గర
తొడ ముక్క దీస్కున్న,
తోలుతోని, వేలు మందం కొవ్వుతోని.
కాంటా రెండు కిలోలు సూపిచ్చినంక
ఇంకో సిన్న ముక్క పైకెల్లి ఇసిరి
"మీ బస్సెక్కినప్పుడు సీటియ్యక్కా" అన్నది.

ఐతారం మైసయ్య వస్తనన్నడు.
పదకొండేండ్లు నా ముందల స్టీరింగు వట్టినోడు,
దేవరకొండ నుంచి శ్రీశైలం, మళ్ల దేవరకొండ.
రిటైరయ్యి రెండేండ్లాయె, కింది పండ్లు ఒక్కటి లేదు.
పెట్టుడు పండ్లు అంగి జేబుల ఏసుకొని తిరుగుతడు,
పెన్ను పక్కన.
ఫోన్ల ఒక్కటే అడిగిండు:
"సైదమ్మా, నవిలే పనుండదు గదా?"

రాత్రే తోలు మీద గాట్లు వెట్టిన,
గళ్లు గళ్లుగ, ట్రిప్పు షీటు లెక్క.
దొడ్డుప్పు రుద్దిన, పసుపు రుద్దిన.
అల్లం, ఎల్లిపాయ, ఏంచిన దనియాలు, ఎండుమిరపకాయ
రోట్లె నూరి గాట్లల్లకు వేలుతోని ఎక్కిచ్చిన.
చిల్లర లెక్కవెట్టి నల్లగైన వేళ్లు
తెల్లారేదాక మండినయి.

ఈ వంట మా అవ్వ నేర్పలే.
మా ఇంట్ల పందికూరంటే నీళ్లు వోసి ఉడకవెట్టుడే.
పదిమందికి రెండు గరిటెలు రావాలె,
పులుసెక్కువ, ముక్క తక్కువ.
ఇంత తొడను కొయ్యకుంట పొయ్యెక్కిచ్చుడు
నా జీతం మీద నాకొచ్చిన ధైర్యం.

మూడు రాళ్లు, సింతమొద్దు, మందపు సర్వ.
అడుగున ఉల్లిగడ్డ సక్రాలు పరిసి
తోలు పైకుండేటట్టు పండవెట్టిన.
సుక్క నీళ్లు పొయ్యలే.
మూత సుట్టూ పిండి మెత్తి, పైన నిప్పులు వోసిన.

పక్కింటి సుగుణమ్మ గోడ మీదికెల్లి అడిగింది:
"ఎన్ని విజిల్లకు దించుతవ్?"
విజిల్ లేదన్న.
"కండక్టరమ్మవు, నీ తాననే లేదా?" అని నవ్వింది.
గాలి అటు మర్లినంక కిటికీ ఏసుకుంది,
ఒక్క రెక్క.

విజిలంటే మైసయ్యకు పడకపోయేది.
దోమలపెంట దాటి డ్యాం దిక్కు దిగుతుంటె
ఎనక సీట్ల పోరలు జల్ది పోనియ్యమని ఒర్రేది,
నేను విజిల్ నోట్ల వెట్టుకునేది.
"ఊదకు సైదమ్మా,
గుట్టను నమ్మించి దిగాలె, బెదిరిచ్చి గాదు."
సెకండు గేరుల, లోయ పక్కపొంటి,
ఇంజను గురక వెట్టినట్టు పోనిచ్చేది.
అప్పుడు నాకు మస్తు కోపమొచ్చేది.
ఇయ్యాల పొయ్యి ముందల కూసొని
మంట లేస్తె కట్టె ఎనక్కి గుంజి
సల్లారితె ముందలికి నూకి
గదే గేరుల మూడు గంటలు.

నడిమిట్ల ఒకపారి మూత లేపిన, అబద్ధమెందుకు.
ఆవిరి మొఖాన గొట్టింది.
సిగ్గువడి మళ్ల పిండి మెత్తిన.

సర్వల సప్పుడు మారుకుంట వచ్చింది.
ముందు సుయ్యిమన్నది, తర్వాత గునిసింది,
ఆఖరికి పక్క అర్రల ఎవలో
మెల్లగ ముచ్చట వెట్టుకుంటున్నట్టు.

మైసయ్య నాలుగు సీతాఫలాలతోని దిగిండు.
పీటేసుకొని కూసున్నడు.
"ఇంకా కోస్తలేవేంది?"
ఆగాలె, అన్న.
దించంగనె కోస్తె రసమంత పళ్లెంల పారుతది.
శ్రీశైలంల బస్సాపినంక
ఇంజను జరసేపు ఊపిరి దీస్కోనీ అని
నువ్వు బీడీ అంటిచ్చుకోకపోతుంటివా?

నోరు మూసుకున్నడు.

కత్తి ఆన్చిన. దాని బరువుకే దిగింది.
ఆయన చెయ్యి అంగి జేబు దిక్కు వోయి
ఖాళీగ మర్లి వచ్చింది.
జొన్నరొట్టె ఉల్లిగడ్డ రసంల నాన్చి
ముక్క మీద వెట్టి నోట్లేసుకున్నడు.
కండ్లు మూసిండు. సేపైంది.
మెచ్చుకోలే. ఇంకో ముక్క దిక్కు జరిగిండు.

నిప్పుల కింద తోలు అప్పడమయ్యింది,
అది ఆయనతోని కాదు.
పళ్లెం నా దిక్కు నూకిండు.
కరకర కొరికిన.
మైసయ్య నవులుడాపి, చెవ్వు ఇటు పెట్టి,
"ఇంకోటి తిను సైదమ్మా,
ఇంట" అన్నడు.